మనకు పనికిరాని పరుపు అమ్మీకి ఎట్లా పనికొచ్చింది?

పోయిన రంజాన్‌లో చివరి పది రోజులు నంద్యాలలో అమ్మీ దగ్గర ఉన్నాను. సెహ్రీకి నేనే ముందు లేచి ఆమెను లేపాలని అలారం పెట్టుకునేదాన్ని. మూడో రోజు గమనించాను. నేను పోయేసరికే ఆమె కళ్లు తెరుచుకుని ఉన్నాయి. మెలకువ ఉంది కానీ లేవలేకపోతోంది. ఒక పక్కకు తిరిగి, మంచం పట్టె పట్టుకుని, కాళ్లు కింద పెట్టి, అట్లాగే కాసేపు కూర్చుని, అప్పుడు "యా అల్లా" అనుకుంటూ లేస్తోంది. "ఏమయింది అమ్మీ?" అంటే "ఉమర్ బేటీ, ఉమర్" అంది. వయసు మీద పడిందట. ఆమెకు 68 ఏళ్లు.

ఆ రోజు అస్ర్ నమాజ్ అయ్యాక ఆమె ఇఫ్తార్ పనిలో ఉండగా నేను ఆ మంచం మీద నడుం వాల్చాను. వాల్చాను అనడం కంటే జారాను అనాలి. అంచు మీద కూర్చున్న మనిషిని ఆ పరుపు మెల్లగా మధ్యకు లాక్కుంది. అక్కడ ఒక గుంట. అమ్మీ ఒంటి కొలతకు సరిగ్గా సరిపోయే గుంట కాదు అది, ఇద్దరు మనుషుల వెడల్పు ఉంది. చద్దర్ ఎత్తి చూశాను. ఒక మూలన టీ మరక కనపడింది. ఆ టీ ఒలికించింది మా పెద్దోడు, వాడికి నాలుగేళ్లప్పుడు.

అది నా పరుపే.

2012లో హైదరాబాద్‌లో కొన్నాం. ఫోము పరుపు. పిల్లలిద్దరూ దాని మీదే పెరిగారు, ఎగిరారు, తడిపారు. 2022 నాటికి పిల్లల అబ్బాకు పొద్దున లేస్తే నడుం పట్టేయడం మొదలైంది. రాత్రిళ్లు ఇద్దరం తెలియకుండానే మధ్యకు దొర్లుకొచ్చి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవాళ్లం. ఇక దీంతో కాదని కొత్తది కొన్నాం. మరి పాతదాన్ని ఏం చేయాలి? పారేయడానికి మనసు రాలేదు. ఇస్రాఫ్ కదా, దుబారా అల్లాకు నచ్చదు కదా. అప్పుడు నేనే అన్నాను, "నంద్యాలకు పంపిద్దాం, అమ్మీ ఇంకా దూది పరుపు మీదే పడుకుంటోంది పాపం" అని. ట్రాన్స్‌పోర్టులో వేసి పంపించాం. అందగానే అమ్మీ ఫోన్ చేసి దువాలు ఇచ్చింది. ఆ దువాలు తీసుకుని నేను నిశ్చింతగా కొత్త పరుపు మీద పడుకున్నాను. రెండేళ్లు పడుకున్నాను.

ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్లలో ఇట్లాంటి పరుపు ఒకటి ప్రయాణం చేసే ఉంటుందని నాకు గట్టి అనుమానం. సిటీలో కొడుకు ఇంటి నుంచి ఊళ్లో అమ్మీ అబ్బా దగ్గరికో, మన ఇంటి నుంచి పనిమనిషి ఇంటికో, లేదంటే మదరసాకో. పరుపు ఎప్పుడు మార్చాలి అని అడిగితే ఏడేళ్లు, పదేళ్లు అని లెక్క చెప్పేస్తారు. ఆ లెక్క మనకు మనం వేసుకుంటాం. ఆ పరుపు ఇంకొకరి ఇంటికి పోగానే దాని వయసు మళ్లీ సున్నా అయిపోతుందని అనుకుంటాం. నా తకరార్ అంతా దీని మీదే. నాకు పాతదైన పరుపు మా అమ్మీకి ఎట్లా కొత్తది అవుతుంది? నా భర్త నడుం మోయలేనిది ఆమె నడుం ఎట్లా మోస్తుంది?

ఇందులో ఇంకో సంగతి ఉంది. దాన్ని చెప్పాలంటే సిగ్గేస్తోంది కానీ చెప్తాను. నా ఫోము పరుపు పోయాక అమ్మీ తన దూది పరుపును ఏం చేసిందో నేను అడగనేలేదు. "రెండు గద్దాలు ఎందుకు, జాగా లేదు" అని దాన్ని విప్పించేసింది. కొంత దూదితో తకియాలు కుట్టించి చుట్టాలకు పంచింది, మిగతాది ఎవరికో ఇచ్చేసింది. అది ఆమె జహేజ్ పరుపు. 1979లో మా నానా ఇచ్చింది. నలభై ఏళ్లు దాటినా దాని మీద గుంట లేదు. ఎందుకు లేదంటే రెండు మూడేళ్లకోసారి దాన్ని విప్పి ఏకించేవాళ్లు.

ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. మా చిన్నప్పుడు ఎండాకాలంలో దూదేకుల తాత భుజాన విల్లు వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. ఆ విల్లు నారిని కొయ్య గుండుతో కొడితే టంగ్ టంగ్ అని ఒక మోత. అమ్మీ గుమ్మంలోంచి పిలిచేది. వాకిట్లో పట్టా పరిచి, పరుపు కుట్లు విప్పి, గట్టిగా అట్టలు కట్టిన దూదిని బయటకు తీసేవాళ్లు. తాత కూర్చుని ఆ విల్లుతో ఏకుతుంటే రాయిలాంటి దూది మబ్బులాగా లేచేది. మేమంతా తుమ్ములు. తరిగినంత కొత్త దూది కలిపి, ఉతికిన గలీబులోనో కొత్త చారల గుడ్డలోనో నింపి, దబ్బనంతో టాకాలు వేస్తే సాయంత్రానికి పరుపు మళ్లీ పెళ్లికూతురయ్యేది. ఆ రాత్రి దాని మీద మొదట ఎవరు పడుకోవాలని మాకు కొట్లాట.

అంటే ఆ పరుపుకు చావు లేదు, మరమ్మతే ఉంది. "ఎప్పుడు మార్చాలి" అన్న సవాలే మన ఇళ్లలో ఉండేది కాదు. "ఎప్పుడు ఏకించాలి" అన్నదే ఉండేది, దాన్ని ఎండాకాలమూ పండగా కలిసి చెప్పేవి. ఫోము అట్లాంటిది కాదు. దాన్ని విప్పి ఏకలేరు. లోపల గాలి బుడగల గోడలు ఒకసారి నలిగిపోయాయంటే మళ్లీ లేవవు. కొబ్బరి పీచు పరుపూ అంతే, పీచును రబ్బరు పాలతో అంటించి చేస్తారు కదా, ఆ రబ్బరు ఎండిపోతే పీచు విరిగి పొడి రాలుతుంది. అంటే మనం చావున్న పరుపులు కొనుక్కుని, చావు లేని పరుపుల అలవాటుతో వాడుతున్నాం. అసలు చిక్కు ఇక్కడుంది.

(ఒక మాట పక్కన చెప్పుకుంటాను. బాగ్దాద్ సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో "హల్లాజ్" అంటే దూది ఏకేవాడనే అర్థం. ఉత్తరాదిన పింజారీలు తమను మన్సూరీలమని చెప్పుకుంటారు. మన దగ్గర మాత్రం దూదేకుల, నూర్‌బాషా భాయీలను "వాళ్లకు ఉర్దూ రాదు" అని చిన్నచూపు చూసిన ఖాన్‌దాన్‌లు తక్కువేం కాదు. వాళ్లు కుట్టిన గద్దాల మీదే పడుకుని ఆ మాట అన్నారు. మా ఖాన్‌దాన్ కూడా అందులో ఉంది.)

సరే, పరుపు సంగతికి వస్తాను. అది అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది? ఏళ్ల లెక్క ఒక అందాజా మాత్రమే. ఒంటరిగా పడుకునే మనిషి కింద పదేళ్లున్నది, నలుగురు పిల్లలు ఎగిరే ఇంట్లో ఐదేళ్లకే కూలిపోవచ్చు. ఒళ్లు చెప్పేది నిజం. పొద్దున లేవగానే నడుమో మెడో పట్టేసి, గంటా రెండు గంటలు అటూ ఇటూ తిరిగాక అదే సర్దుకుంటోందా? చుట్టాలింటికి పోయి వాళ్ల పరుపు మీద, ఆఖరికి కింద బొంత మీద పడుకున్న రోజు హాయిగా లేస్తున్నారా? అట్లయితే వయసును తిట్టుకోకుండా ముందు పరుపును అనుమానించండి. మా అమ్మీ విషయంలో ఈ గవాహీ మా ఖాలా దగ్గర దొరికింది. "మీ అమ్మీ మా ఇంటికొస్తే ఫజర్‌కి నాకన్నా ముందే లేస్తుంది" అంది.

కంటితో చూసే పరీక్ష ఇంకా సులువు. చద్దర్ తీసేసి, తడిగుడ్డ పెట్టే మాప్ కర్రనో, పొడుగాటి ఏదైనా తిన్నటి కర్రనో పరుపుకు అడ్డంగా పెట్టండి. కర్రకూ పరుపుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఎవరూ పడుకోకుండానే అంగుళం దాటి గుంట ఉంటే, మనిషి పడుకున్నప్పుడు ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. అమ్మీ పరుపు మీద పెడితే నా నాలుగు వేళ్లు నిలువుగా దూరాయి. కానీ తొందరపడొద్దు. పరుపును కింద నేల మీద వేసి మళ్లీ చూడండి. కొన్నిసార్లు తప్పు పరుపుది కాదు, మంచం పలకలది. ఒక పలక వంగితే ఎంత ఖరీదైన పరుపైనా దాంతోపాటే వంగుతుంది. పలక మార్చడం ఒక పూట పని.

పిల్లల తుమ్ముల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. పరుపులో దుమ్ము పురుగులు ఉంటాయి, కంటికి కనపడవు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. వాటి వల్ల ఎలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లకు రాత్రి తెల్లవార్లూ ముక్కు కారడం, పిల్లికూతలు. మా చిన్నోడు నంద్యాల పోయినప్పుడల్లా "నానీ ఊరు పడదు" అనేవాళ్లం. ఊరు పడకపోవడమేంటి, వాడు పడుకున్నది ఆ పరుపు మీద. నల్లుల సంగతి వేరు. నల్లులున్నాయని పరుపు పారేస్తే లాభం లేదు, అవి మంచం సందుల్లో, గోడ పగుళ్లలో కూడా ఉంటాయి. ముందు వాటి పని పట్టకుండా కొత్త పరుపు వేస్తే వాటికి దావత్ ఇచ్చినట్టే.

ఇక గట్టి పరుపు పిచ్చి. నడుం నొప్పి అనగానే మన పెద్దలు "బల్ల మీద పడుకో" అంటారు. డాక్టర్లూ చాలాకాలం గట్టి పరుపునే చెప్పారు. 2003లో స్పెయిన్ డాక్టర్లు దీన్ని పరీక్షించి చూశారు. ఎంతకూ తగ్గని నడుం నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిది ఇచ్చి 90 రోజులు చూస్తే మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఊరట కలిగింది. అది లాన్సెట్ పత్రికలో వచ్చింది. అంటే మన పాత దూది పరుపు కొత్తగా ఏకినప్పుడు ఉండే గట్టిదనం లాంటిదన్నమాట. ఈ పోలిక నాది, డాక్టర్లది కాదు.

ఇదంతా అమ్మీకి చెప్పి కొత్తది కొందామంటే ఆమె ఒప్పుకుంటే కదా. "నక్కో బేటీ, అచ్ఛాచ్ హై" అంది. బాగానే ఉందట. పైగా మా మామూ ఒకాయన ఆ రోజు ఇఫ్తార్‌కు వచ్చి ఉన్నాడు. ఆయన అందుకున్నాడు, "హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చాప మీద పడుకున్నారు. మనకు ఇన్ని నఖరాలు ఎందుకు?" అని. అమ్మీ తల ఊపింది. నేను ఆ పూట ఏమీ అనలేకపోయాను. దీన్ మాట వచ్చాక ఆడపిల్ల జవాబు చెప్తే బద్‌తమీజీ అంటారు. ఇప్పుడు ఇక్కడ చెప్తాను.

నిజమే, ప్రవక్త గారి పరుపు తోలుది, లోపల ఖర్జూరపు నార నింపి ఉండేదని హజ్రత్ ఆయిషా చెప్పారు. చాప మీద పడుకుంటే ఆయన ఒంటి మీద చాప గుర్తులు పడ్డ సంగతీ హదీసుల్లో ఉంది. కానీ ఆ గుర్తులు చూసిన హజ్రత్ ఉమర్ ఏం చేశారు? "మాషా అల్లా, ఎంత సబర్" అని మెచ్చుకుని ఇంటికి పోలేదు. ఏడ్చారు. సాదాగా బతకడం ఆయన తన కోసం ఎంచుకున్న దారి. ఆయనను ప్రేమించిన మనిషికి మాత్రం కళ్లల్లో నీళ్లొచ్చాయి. మామూ, మీ కింద ఆరంగుళాల పరుపు ఉంది. మా అమ్మీ మీ ఆపా. ఆమె సబర్‌ను మెచ్చుకునే ముందు ఆమె నడుం మీద గుర్తులు చూశారా?

సూరె బఖరలో దానం గురించి చెప్తూ, మీకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని నాసిరకం వస్తువును ఏరి ఇవ్వకండి అన్న ఆయత్ ఉంది. అది సదఖా గురించి, పేదల గురించి అని చదువుకుంటూ పోయాను ఇన్నాళ్లూ. నేను ఆ పరుపు పంపింది సదఖాగా కాదు, ప్రేమతో. కానీ అమ్మీ కళ్లు మూసుకునే తీసుకుంది. కూతురు పంపింది కదా అని.

పారేస్తే ఇస్రాఫ్ అన్న భయం గురించి కూడా ఒక మాట. పదేళ్లు వాడి, అరిగిపోయిన వస్తువును పారేయడం దుబారా ఎట్లా అవుతుంది? దుబారా చూడాలంటే మన ఇళ్లలో మెహమాన్ గదిలోకి పోండి. భర్తకు ఒక పక్క, భార్యకు ఒకటి, మూడోది మెహమాన్‌కు, నాలుగోది షైతాన్‌కు అని హదీసు. మన దగ్గర ఆ మూడోదే అన్నిటికన్నా మంచి పరుపు. ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా, ఏడాదికి రెండుసార్లు వచ్చే అల్లుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రోజూ నడుం నొప్పితో పడుకునే దాదీకి మాత్రం వరండాలో పాతది. మెహమాన్ నవాజీ మంచిదే, నేను కాదనను. కానీ ఈ రాత్రికి ఆ రెండు పరుపులనూ అటుదిటు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు.

ఈద్ అయిన నాలుగో రోజు అమ్మీని బలవంతాన బజారుకు తీసుకెళ్లాను. పరుపుల షాపులో కుర్రాడు "పడుకుని చూడండమ్మా" అన్నాడు. ఆమె బుర్ఖాలో, చుట్టూ మగవాళ్లు. అంచు మీద కూర్చుని చేత్తో ఒత్తి "బాగుంది" అనేసింది. మన ఆడవాళ్లు పరుపు కొనేది ఇట్లాగే, చేత్తో ఒత్తి. చెయ్యి పడుకుంటుందా రాత్రంతా? నేను ఆ కుర్రాణ్ని కాసేపు అటు పొమ్మని, నా చున్నీ అడ్డం పట్టుకుని నిలబడితే అప్పుడు పడుకుంది. మామూలుగా ఆమె పక్కకు తిరిగి పడుకుంటుంది కాబట్టి అట్లాగే ఓ పది నిమిషాలు పడుకోమన్నాను. మూడు పరుపులు చూశాం. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ పోవడం మంచిదని అప్పుడే తెలిసింది.

మూడూ చూశాక ఆమె నెమ్మదిగా అడిగింది, "దూదిది చేయించరాదా?" అని.

చేయించాం. విల్లు తాతలు ఇప్పుడు లేరు, మిషన్ మీద ఏకుతున్నారు. ఆ షాపాయన నూర్‌బాషానే. అమ్మీని "ఆపా" అని కూర్చోబెట్టి, ఎంత దూది వేయాలో, ఎన్ని టాకాలు వేయాలో ఆమెనే అడిగాడు. ఆమె చెప్తుంటే, ఏళ్ల తర్వాత ఆమెకు తెలిసిన విషయం ఒకరు అడిగారనిపించింది. దూది పరుపుకు ఇబ్బంది లేదని నేను అనడం లేదు. బరువు. 68 ఏళ్ల మనిషి ఒక్కతే దాన్ని ఎత్తి ఎండలో వేయలేదు. నెలకోసారి పక్కింటి పిల్లాడు వచ్చి మిద్దె మీద వేసేట్టు మాట్లాడుకున్నాం. వాడికి ఈదీలాగా ప్రతిసారీ ఏదో ఒకటి చేతిలో పెడుతోంది.

నా పాత పరుపు వాకిట్లోకి వచ్చింది. అమ్మీ అప్పుడే దాన్ని ఎదురింటి వాచ్‌మెన్‌కు ఇద్దామంది, మంచి గద్దా అని. నేను వంటింట్లోంచి కత్తి తెచ్చి దాని కడుపు కోశాను. లోపల పసుప్పచ్చగా, ముట్టుకుంటే బిస్కెట్ పొడిలాగా రాలింది. అమ్మీ చాలాసేపు దాన్నే చూసింది. ఏమీ అనలేదు. ఒక్క ముక్క కూడా అనలేదు నన్ను.

నడుం నొప్పి పూర్తిగా పోలేదు. మోకాళ్లు ఉండనే ఉన్నాయి, అవి పరుపు చేతిలో లేవు. కానీ ఫజర్‌కి మంచం పట్టె పట్టుకోకుండా లేస్తున్నానని చెప్పింది. పరుపు మాసిపోతుందని షాపులో వేసిచ్చిన ప్లాస్టిక్ కవర్ మాత్రం తీయనివ్వడం లేదు. చెమట పడుతుంది, దూదికి గాలి తగలాలి అని ఫోన్ చేసినప్పుడల్లా మొత్తుకుంటున్నాను. పోయిన జుమా రోజు, తీశానంది. ఖాలాను అడిగితే, తల వైపు సగం మాత్రమే తీసిందట.